తప్పు విసిరిన చేతిదా, జార్చిన చేతిదా?

సాయంత్రం బడి వదిలాక మైదానంలో క్రికెట్టు జోరుగా సాగుతోందనుకోండి. బంతి బౌండరీ వైపు దొర్లింది. అక్కడున్న కుర్రాడు పరుగెత్తి అందుకుని వికెట్ కీపరుకేసి విసిరాడు. బ్యాటర్లు రెండో పరుగులో సగం దూరంలో ఉన్నారు. బంతి కీపరు కాళ్ళ ముందు నేలకు తగిలి, చేతుల్ని తప్పించుకుని వెనక్కి పోయింది. రావలసిన రనౌటు రాలేదు సరికదా, ఇంకో రెండు పరుగులు అదనంగా వచ్చాయి.

తరువాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. "నీ చేతులకి చిల్లులున్నాయా?" అని కెప్టెన్ కేక వేస్తాడు. "వాడు సరిగా విసిరితే కదా!" అని కీపరు ఎదురు అరుస్తాడు. ఆట కాసేపు ఆగిపోతుంది. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళదే న్యాయమవుతుంది.

ఈ తగువును గొంతుతో కాకుండా లెక్కతో తీర్చవచ్చునని నా అభిప్రాయం. అలా తీర్చకపోవడం వల్ల చాలామంది పిల్లలకు అన్యాయం జరుగుతోందని కూడా నా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను. ఒప్పుకోవాలో, కాదనాలో చివర మీరే తేల్చుకోండి.

ఇద్దరు కలిస్తేనే అయ్యే పని

గోళీ కొట్టడం ఒక్కరి పని. గురి తప్పితే తప్పెవరిదని ఎవరూ అడగరు. బంతి అందించడం అలా కాదు. ఒకరు విసరాలి, మరొకరు పట్టాలి. వాలీబాల్‌లో ఒకరు బంతిని ఎత్తి పెడితే మరొకరు కొడతారు. రిలే పరుగులో ఒకరు కర్ర అందిస్తే మరొకరు అందుకుంటారు. ఇలాంటి పనుల్లో ఫలితం ఒక్కటే. చేసేవారు మాత్రం ఇద్దరు. అది చెడిపోతే ఆ చెడును ఇద్దరి మధ్య ఎలా పంచాలి? చిక్కు అక్కడే ఉంది.

ఈ చిక్కు మనకే కాదు, అమెరికావారికీ ఉంది. వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. రెండు కొనలూ మొనదేలిన కోలబంతితో ఆడతారు. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని ముందుకు విసురుతాడు. రిసీవర్ పరుగెత్తుతూ దాన్ని పట్టుకోవాలి. 1906 నుంచి ఆ ఆటలో బంతిని ఇలా ముందుకు విసరడానికి అనుమతి ఉంది. పట్టుకునే లోపల బంతి నేలను తాకితే ఆ పాసు చెల్లదు. ఇక్కడ తమాషా చూడండి. బంతి రిసీవర్ చేతుల్లోనే పడి జారిపోయినా, అధికారికమైన లెక్కలో అది క్వార్టర్‌బ్యాక్ విఫలమైన పాసులలోనే చేరుతుంది. "ఇది రిసీవర్ జార్చినది" అని రాసుకునే గడి ఆ అధికార లెక్కలో లేదు. బయటి సంస్థలవాళ్ళు ఆట చూసి వేరుగా లెక్క కడతారు. ఏది జార్చినట్టు, ఏది అందనట్టు అన్నది చూసేవాళ్ళ కంటిని బట్టి ఉంటుంది కనుక, ఇద్దరు లెక్కిస్తే రెండు సంఖ్యలు రావచ్చు.

మరి మన క్రికెట్టు స్కోరుపుస్తకం ఇంతకన్నా న్యాయమైనదా? చూద్దాం. బౌలరు వేసిన బంతిని కీపరు పట్టలేకపోతే ఆ పరుగులు బైలు. అవి బౌలరు ఖాతాలో పడవు. బంతి బ్యాటరుకు అందనంత దూరంగా పోతే వైడు. అది బౌలరు ఖాతాలో పడుతుంది. అంటే తప్పు బౌలరుదా, కీపరుదా అన్న తీర్పు అంపైరు చేతుల సంజ్ఞతోనే తేలిపోతుంది. బాగానే ఉందనిపిస్తుంది కదూ? కాని 1980ల దశకం నడుమ దాకా టెస్టు క్రికెట్టులో వైడ్లు, నోబాల్స్ కూడా బౌలరు లెక్కలో కలిపేవారు కాదు. ఆటా అదే, బంతీ అదే. రాసే పద్ధతి మారింది, దాంతో తప్పు చోటు కూడా మారింది!

ఓవర్‌త్రోల సంగతి ఇంకా వింత. బ్యాటరు కొట్టిన బంతిని ఎవరో ఫీల్డరు అడ్డదిడ్డంగా విసిరితే వచ్చే అదనపు పరుగులు బ్యాటరుకు జమ అవుతాయి, బౌలరుకు ఖర్చు పడతాయి. విసిరినవాడి పేరు ఎక్కడా కనిపించదు. పట్టనివాడి పేరూ కనిపించదు. పాపం, అవతలి కొనలో నిలబడి చూస్తున్న బౌలరు ఆ జరిమానా కడతాడు. కనుక పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన అది న్యాయం కాదని గుర్తుంచుకోండి. పుస్తకం పరుగులు లెక్కపెట్టడానికి పుట్టింది. కారణాలు వెతకడానికి పుట్టలేదు.

విశాఖలో తగిలిన బంతి, లార్డ్స్‌లో తప్పిన బంతి

2024 ఫిబ్రవరిలో విశాఖపట్నం మధురవాడ దగ్గరి స్టేడియంలో భారత్, ఇంగ్లండు జట్ల మధ్య టెస్టు మ్యాచ్ జరిగింది. ఇంగ్లండు గెలవాలంటే నాలుగో ఇన్నింగ్సులో 399 పరుగులు చెయ్యాలి. ఫిబ్రవరి 5న, అంటే నాలుగో రోజున, కెప్టెన్ బెన్ స్టోక్స్ ఆడుతున్నాడు. ఒక పరుగు కోసం కదిలాడు. శ్రేయస్ అయ్యర్ బంతిని అందుకుని గిరుక్కున తిరిగి విసిరాడు. అది నేరుగా వికెట్లకు తగిలింది. స్టోక్స్ 11 పరుగులకు రనౌటు. ఇంగ్లండు 292కి ఆలౌటయింది. భారత్ 106 పరుగులతో గెలిచింది.

ఆ మ్యాచ్‌లో వికెట్ల వెనుక ఉన్నది మన విశాఖవాడే, కోన శ్రీకర్ భరత్. ఇప్పుడు ఒక ప్రశ్న వేస్తాను. అయ్యర్ విసిరిన బంతి జానెడు పక్కగా పోయి ఉంటే ఏమయ్యేది? "వికెట్లకే ఎందుకు విసిరాడు? ఎవరికైనా అందించకూడదా?" అని కొందరు, "వెనక అడ్డుపడేవాడెక్కడ?" అని మరికొందరు అనేవారు. బంతి తగిలింది కాబట్టి ఈ ప్రశ్నలేవీ పుట్టలేదు. పని జరిగితే కారణం వెతకం. చెడితేనే వెతుకుతాం. అదీ కోపంలో వెతుకుతాం. సైన్సు చదివేవారు చేయకూడని పని ఇదే. నెగ్గిన విసుర్లనూ, ఓడిన విసుర్లనూ రెంటినీ లెక్కలోకి తీసుకుంటేనే నిజం బయటపడుతుంది.

మరో ఉదాహరణ. 2019 జులై 14న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. చివరి ఓవరులో న్యూజిలాండు ఫీల్డరు మార్టిన్ గప్టిల్ విసిరిన బంతి, పరుగు కోసం దూకిన ఇదే స్టోక్స్ బ్యాటుకు తగిలి బౌండరీకి పోయింది. ఇంగ్లండుకు ఒకేసారి 6 పరుగులు వచ్చాయి. విసిరినవాడి గురి చెడ్డదా? కాదు. పట్టేవాడు పట్టలేకపోయాడా? బంతి అతని దాకా రానే లేదు. స్టోక్స్ కావాలని అడ్డుపెట్టాడా? అదీ లేదు. ఎవరి తప్పూ లేకుండా కూడా పని చెడవచ్చునన్నమాట. తగువు తీర్చేవారి చేతిలో ఈ మూడో గడి కూడా ఉండాలి.

విసిరే చెయ్యి: డిగ్రీలో ఉన్న కష్టం

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. మీరు 50 మీటర్ల దూరం నుంచి విసురుతున్నారు. మీ గురి ఒక్క డిగ్రీ పక్కకు జరిగింది. ఒక డిగ్రీ టాంజెంటు విలువ సుమారు 0.0175. దాన్ని 50తో గుణించండి. సుమారు 87 సెంటీమీటర్లు. అంటే కోణమాపకం మీద అతి చిన్న గీత అంత తేడా వస్తే, అటు చేరేసరికి బంతి దాదాపు మీటరు పక్కకు పోతుంది. మూడు స్టంపుల మొత్తం వెడల్పు 23 సెంటీమీటర్ల లోపే.

ఆ 87 సెంటీమీటర్లు కీపరు చెయ్యి చాచి అందుకున్నాడే అనుకోండి. మళ్ళీ వికెట్ల దగ్గరికి చెయ్యి తేవాలి. దానికి 0.3 సెకను పట్టిందనుకుందాం. బ్యాటరు సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెడుతుంటే ఆ కాస్త సమయంలో 1.8 మీటర్లు ముందుకు వచ్చేస్తాడు. రనౌటు తప్పిపోతుంది. చూసేవారికి మాత్రం "కీపరు పట్టాడు గాని ఆలస్యం చేశాడు" అనిపిస్తుంది. అసలు ఆలస్యం 50 మీటర్ల అవతల పుట్టింది.

అయితే విసిరేవాడి మీద మరీ కోపం వద్దు. చెయ్యి ఒక మీటరు వ్యాసార్ధంతో తిరుగుతోందనీ, బంతి వేగం సెకనుకు 25 మీటర్లనీ అనుకుంటే, ఆ చెయ్యి సెకనుకు 1,400 డిగ్రీలకు పైగా తిరుగుతున్నట్టు లెక్క. బంతిని సెకనులో వెయ్యోవంతు ముందు వదిలినా, వెనక వదిలినా కోణం 1.4 డిగ్రీలు మారిపోతుంది. అంత సన్నని క్షణాన్ని ప్రతిసారీ పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. సాధన వల్ల తప్పే సార్లు తగ్గుతాయి, అంతే.

పట్టే చెయ్యి: క్షణంలో ఉన్న కష్టం

పట్టేవారి కష్టం ఇంకో రకం. దాన్ని మీరే ఇంట్లో కొలవండి. మీ చెల్లెలినో, తమ్ముడినో ఒక స్కేలు పై కొన పట్టుకోమనండి. మీ బొటనవేలు, చూపుడువేలు కింద సున్నా గీతకు అటూ ఇటూ తాకకుండా ఉంచండి. ముందు చెప్పకుండా వదిలెయ్యమనండి. వదలగానే పట్టుకోండి. 20 సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకున్నారా? ఆ దూరాన్ని మీటర్లలో రాసి, 4.9తో భాగించి, వర్గమూలం తీయండి. 0.2 సెకను వస్తుంది. కన్ను చూసింది మెదడుకు చేరి, చేతికి ఆజ్ఞ వచ్చి, వేళ్ళు ముడుచుకోవడానికి పట్టిన కాలం అది. పదిసార్లు చేసి సగటు తీయండి. చాలామందికి ఇంచుమించు ఇంతే వస్తుంది.

ఇప్పుడు మైదానానికి రండి. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తోంది. అది కీపరు చేతులకు ఒక్క మీటరు ముందు నేలకు తగిలింది. తగిలాక చేతుల్ని చేరడానికి పట్టే కాలం 0.05 సెకను. మీ వేళ్ళు స్పందించడానికి పట్టే కాలంలో అది నాలుగోవంతు! నేల మీద చిన్న గులకరాయి ఉండి బంతి పక్కకు తిరిగిందంటే, ప్రపంచంలో ఏ కీపరైనా దాన్ని చూసి చెయ్యి జరపలేడు. ముందుగా ఊహించి చెయ్యి పెట్టడమొక్కటే దారి. అదే బంతి 6 మీటర్ల ముందు నేలకు తగిలితే 0.3 సెకను దొరుకుతుంది. అప్పుడు చూసి పట్టవచ్చు. కాబట్టి కాళ్ళ ముందు పడే విసురు, దూరం నుంచి చూసేవారికి "చేతుల్లోకే వచ్చింది" అనిపించినా, నిజానికి అది చాలా కష్టమైన బంతి. ఆరు మీటర్ల ముందు ఒకసారి నేలను తాకి నడుము ఎత్తుకు వచ్చేది మంచి విసురు.

అలాగని పట్టేవారికి బాధ్యత లేదనడం లేదు. క్రికెట్టు బంతి బరువు సుమారు 160 గ్రాములు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే దాని ద్రవ్యవేగం 3.2 ప్రమాణాలు. చేతులు బిగబట్టి 0.01 సెకనులో ఆపితే చేతి మీద సగటున 320 న్యూటన్ల బలం పడుతుంది. దాదాపు 32 కిలోల బరువు మోపినట్టు. చేతుల్ని బంతితో పాటు వెనక్కి తీసుకుంటూ 0.04 సెకనులో ఆపితే 80 న్యూటన్లే. 8 కిలోల బరువంత. మొదటి పద్ధతిలో బంతి ఎగిరి బయటపడుతుంది. రెండో పద్ధతిలో చేతిలో కూర్చుంటుంది. మంచి విసురు వచ్చినప్పుడు బిగుసుకున్న చేతులతో జార్చడం పట్టేవారి తప్పే. ఆ మాట మొగమాటం లేకుండా చెప్పాలి.

ఇక గాలి సంగతి. విశాఖ పిల్లలకు ఇది ప్రత్యేకంగా తెలియాలి. ఎండ కాసిన రోజున మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి గాలి వీస్తుంది. బీచిలో మీరు ఆడేది టెన్నిస్ బంతితో. దాని బరువు 58 గ్రాములు. సైజు మాత్రం క్రికెట్టు బంతికి దగ్గరగా ఉంటుంది. అందుచేత అదే గాలి తేలికైన బంతిని రెండు రెట్లకు పైగా ఎక్కువ పక్కకు తోస్తుంది. పైగా ఇసుకలో బంతి ఎగరదు. బీచిలో చాలా జార్చిన మీరు బడి మైదానంలో చక్కగా పట్టగలరు. జార్చింది చెయ్యి కాదు, చోటు.

మూడు గడుల పుస్తకం

మరి తీర్పు ఎలా? నేను చెప్పే పద్ధతికి రెండు రూపాయల పెన్సిలు, ఒక నోటుపుస్తకం చాలు. ఆడని మనిషినొకరిని పక్కన కూర్చోబెట్టండి. ప్రతి విసురుకూ, బంతి చేతికి చేరకముందే, మొదటి గడిలో విసురు రకం రాయాలి: "మంచిది", "కష్టమైనది", "అందనిది". తరువాత రెండో గడిలో ఫలితం: "పట్టాడు" లేక "జార్చాడు". మూడో గడిలో బయటి కారణం ఏదైనా ఉంటే: గులకరాయి, గాలి, కంట్లో ఎండ, ఇద్దరికీ సంజ్ఞ కుదరకపోవడం.

మొదటి గడి ముందే నింపాలని ఎందుకన్నానో గమనించారా? ఫలితం చూశాక మన తీర్పు మారిపోతుంది. జారిన బంతి మనకు సులువుగా కనిపిస్తుంది. పట్టిన బంతి గొప్పగా కనిపిస్తుంది. పైగా మన కళ్ళు బంతి వెంట పోతాయి. చివరికి అది ఎవరి దగ్గర ఉందో వారే మనకు దోషిగా తోస్తారు. కంటికి ఉన్న ఈ అలవాటును పెన్సిలు సరిచేస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జార్చినవి మాత్రమే లెక్కపెడితే బద్ధకస్తుడు ఉత్తముడవుతాడు! ఎలాగంటారా? పరుగెత్తి, దూకి, చివరివేళ్ళతో అందుకోబోయి జార్చినవారి పేరున ఒక తప్పు పడుతుంది. నిలుచున్న చోటే నిలుచుని బంతిని పోనిచ్చినవారి పేరున ఏమీ పడదు. కనుక "అందుకోవడానికి ప్రయత్నించాడా?" అన్నది కూడా పక్కన ఒక టిక్కు పెట్టుకోండి. ప్రయత్నించినవారిని తిట్టి, ప్రయత్నించనివారిని వదిలేసే జట్టులో నెమ్మదిగా అందరూ ప్రయత్నించడం మానేస్తారు.

జోడీలు మార్చి చూడండి

పుస్తకంతో తేలకపోతే ప్రయోగం చెయ్యండి. ఇద్దరు విసిరేవారు: రాము, సలీం. ఇద్దరు పట్టేవారు: గౌరి, మేరి. ఒక్కొక్క జోడీకి 20 విసుర్లు. ఈ సంఖ్యలు నేను ఊహించినవే. మీ మైదానంలో మీకు వచ్చేవి వేరు. రాము విసిరితే గౌరి 18 పట్టింది, మేరి 12 పట్టింది. సలీం విసిరితే గౌరి 12, మేరి 6. రాము సగటు 15, సలీం సగటు 9. గౌరి సగటు 15, మేరి సగటు 9. అంటే విసరడంలో సలీంకూ, పట్టడంలో మేరీకీ సాధన కావాలి. సలీం, మేరి జోడీని మాత్రమే చూసి ఉంటే 20కి 6 అన్న ఒక్క సంఖ్యే మనకు కనిపించేది. అందులో ఎవరి పాలెంతో దేవుడికి కూడా తెలిసేది కాదు!

ఇప్పుడు ఇంకో ఫలితం ఊహించండి. రాము విసిరితే గౌరి 18, మేరి 8. సలీం విసిరితే గౌరి 9, మేరి 17. సగటులు చూడండి. రాము 13, సలీం 13. గౌరి 13.5, మేరి 12.5. నలుగురూ ఒక్కలాంటివారే! చెడ్డవారెవరూ లేరు. జోడీ మాత్రం కుదరలేదు. బహుశా రాము గట్టిగా బల్లపరుపుగా విసురుతాడు, మేరీకి ఎత్తుగా వచ్చే బంతి అలవాటు. ఇక్కడ మందు తిట్టడం కాదు, కలిపి సాధన చేయించడం. రిలే పరుగు నియమాల్లో ఒక చక్కని మాట ఉంది. అందుకునేవారు కర్రను తాకినప్పుడు మార్పిడి మొదలవుతుంది. కర్ర వారి ఒక్కరి చేతిలోనే ఉన్నప్పుడు అది పూర్తవుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న క్షణంలో కర్ర ఇద్దరిదీ. 2008లో బీజింగ్ ఒలింపిక్సులో అమెరికా పురుషుల జట్టు, స్త్రీల జట్టు రెండూ 4×100 రిలేలో ఆ క్షణంలోనే కర్రను పోగొట్టుకున్నాయి. ఒక్కొక్కరూ ప్రపంచంలో మేటి పరుగువీరులే. కుదరనిది మార్పిడి.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. ఒక రూపాయి బిళ్ళను 20 సార్లు ఎగరవేయండి. 10 బొమ్మలు రావాలి కదా అనుకుంటాం. కాని నూటికి తొంభై అయిదు పర్యాయాల్లో 6 నుంచి 14 దాకా ఎంతైనా రావచ్చు. బిళ్ళ తప్పు చేసిందా? లేదు, అది యాదృచ్ఛికం. కనుక 20 విసుర్లలో ఒకరు 15, మరొకరు 13 పట్టారంటే వారి మధ్య తేడా ఉన్నట్టే కాదు. ఒక్క మ్యాచిలో, ఒక్క బంతితో మనిషిని తూచడం మరీ అన్యాయం.

అమెరికా ఆటలో ఇప్పుడు యంత్రాలే ఈ పుస్తకం రాస్తున్నాయి. ఆటగాళ్ళ భుజాల తొడుగుల్లోనూ, 2017 నుంచి బంతిలోనూ చిన్న చిప్పులు పెట్టి వారెక్కడున్నారో క్షణక్షణం కొలుస్తున్నారు. 2018 నుంచి ప్రతి పాసుకూ "ఇది చేతికి చిక్కే సంభావ్యత ఇంత" అని లెక్క కడుతున్నారు. బంతి ఎంత దూరం పోవాలి, రిసీవర్‌కు ప్రత్యర్థి ఎంత దగ్గరలో ఉన్నాడు అన్నవి అందులో ఉంటాయి. కష్టమైన పాసులు చిక్కితే మెప్పు ఎక్కువ, సులువైనవి పోతే మచ్చ ఎక్కువ. మీ నోటుపుస్తకంలోని "మంచిది, కష్టమైనది, అందనిది" చేసే పని కూడా అదే. చిప్పు లేదని చిన్నబోకండి.

ఆట దాటి

"ఆటకు ఇంత లెక్క అవసరమా?" అని మీరడగవచ్చు. విశాఖ రేవుకు వెళ్ళి చూడండి. 1933లో తెరిచిన ఆ రేవులో ఓడల నుంచి సరుకు దించేటప్పుడు క్రేను నడిపేవారు ఎత్తున గదిలో కూర్చుంటారు. ఓడ అడుగున ఏముందో వారికి కనిపించని సమయాలుంటాయి. డెక్కు మీద ఒకరు నిలబడి చేతులతో సంజ్ఞలు చేస్తారు. ఒకరు చూస్తారు, మరొకరు ఎత్తుతారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారంలోనైతే క్రేన్లు మోసేది 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన కరిగిన ఉక్కును. ఇక్కడ బంతి జారినట్టు జారితే పోయేది రెండు పరుగులు కాదు, ప్రాణాలు.

అందుకే ఇలాంటి పనిచోట్ల ఒక నియమం ఉంది. కదలమనే సంజ్ఞలు ఒక్కరే ఇవ్వాలి. "ఆగు" అనే సంజ్ఞ మాత్రం ఎవరిచ్చినా క్రేను ఆపాలి. తప్పు ఎవరిదని తరువాత తగువులాడుకునే బదులు, తప్పు జరగకుండా ఇద్దరి మధ్య ఒప్పందాన్ని ముందే కుదుర్చుకోవడమన్నమాట. ప్రమాదం జరిగినప్పుడు కూడా మంచి విచారణ "ఎవడు చేశాడు?" అని మొదలు కాదు, "ఏమేమి జరిగింది, ఏ వరసలో?" అని మొదలవుతుంది. మొదటి ప్రశ్న అడిగితే మనుషులు నిజం దాస్తారు. రెండో ప్రశ్న అడిగితే చెబుతారు. మీలో కొందరు రేపు ఆ రేవులో, ఆ కర్మాగారంలో పనిచేస్తారు. ఈ అలవాటు మైదానంలోనే అబ్బితే మంచిది కదా!

ఒక అభ్యంతరం

"ఇలా తప్పును ముక్కలు చేసి పంచితే ఎవరికీ సిగ్గు ఉండదు, ఎవరూ బాగుపడరు" అని మీ జట్టు కెప్టెన్ అనవచ్చు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. కాని పంచడమంటే మాఫీ చేయడం కాదు. "నువ్వు పనికిరావు" అంటే ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ఏం సాధన చెయ్యాలి? "మంచి విసుర్లు 30 వస్తే నువ్వు 11 జార్చావు, చేతులు బిగబడుతున్నావు" అంటే ఆమెకు రేపటి పని దొరికింది. "నీ విసుర్లలో సగం కాళ్ళ ముందు పడుతున్నాయి" అంటే విసిరేవాడికీ పని దొరికింది. నిందకన్నా లెక్కే కఠినం. అది తప్పించుకోనివ్వదు.

ఇంకో మాట. బడి జట్లలో విసిరేవారు, బౌలింగు చేసేవారు, కెప్టెన్లు తరచు పెద్ద తరగతులవాళ్ళు, గట్టి గొంతులవాళ్ళు. పట్టే చోట నిలబెట్టేది చిన్నవాళ్ళను, కొత్తవాళ్ళను. బంతి జారినప్పుడు మాట్లాడే ధైర్యం వీళ్ళకుండదు. నాలుగుసార్లు "చిల్లుచేతులు" అనిపించుకున్నాక అయిదోనాడు మైదానానికే రారు. తనకు ఆట రాదని జీవితమంతా నమ్ముతారు. ఆడపిల్లల్లో ఇలా మానేసినవారు మరీ ఎక్కువ. నిజానికి వారికి వచ్చిన విసుర్లు ఎలాంటివో ఎవరూ రాయలేదు.

కాబట్టి వ్యాయామోపాధ్యాయులకూ, కెప్టెన్లకూ నా సూచన ఒక్కటే. ఎవరినైనా జట్టులోంచి తీసేసే ముందు మూడు గడుల పుస్తకం కనీసం ఒక నెల రాయించండి. జోడీలు మార్చి ఒక్కసారి చూడండి. అప్పుడు తీసేయవలసివస్తే తీసేయండి. ఎందుకు తీసేశారో ఆ అమ్మాయికో, అబ్బాయికో పుస్తకం తెరిచి చూపించండి.

మీకూ ఒక పని ఉంది. ఈ నెలలో వచ్చే నాలుగు ఆదివారాలూ మీ జట్టు విసుర్లు రాయండి. నెల చివర కూడి చూడండి. మొదటిరోజు మీరు ఎవరిది తప్పనుకున్నారో దాన్ని కూడా ముందే ఒక మూల రాసిపెట్టుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో మీ జట్టుతో కూర్చుని మాట్లాడండి.